జర్మనీలో భారతీయ లైసెన్సు మార్పిడి: క్లాసులు మాఫీ, పరీక్షలు తప్పవు

జర్మనీ చేరిన తెలుగువాళ్ళలో కారు నడపడం వచ్చినవారికి మొదట వినిపించే మాట ఒకటే: "మన లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, ఆ తర్వాత మార్చుకోవాలి." ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ విషయం సగమే ఉంది. ఆరు నెలల తర్వాత పోయే హక్కు ఏది, మిగిలే హక్కు ఏది, మార్పిడి అంటే ఏమేం చేయాలి అన్నవి తెలియక డబ్బూ కాలమూ పోగొట్టుకునేవారు చాలామంది. కాగితాల దగ్గర పోయేది కొంతే. ఎక్కువగా పోయేది ప్రాక్టికల్ పరీక్ష దగ్గర. పదేళ్ళు హైదరాబాద్‌లో నడిపాం, రెండు క్లాసులు తీసుకుంటే చాలు అనుకున్నవారే అక్కడ ఎక్కువగా దెబ్బతింటారు.

జర్మన్ లైసెన్సు నిబంధనల్లో పదకొండో అనుబంధం అని ఒక జాబితా ఉంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల్లో ఎవరి లైసెన్సును పరీక్ష లేకుండా మార్చి ఇవ్వవచ్చో అందులో ఉంటుంది. జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, దక్షిణాఫ్రికా పేర్లు అందులో కనిపిస్తాయి. అమెరికాకు రాష్ట్రాలవారీగా లెక్క: కొన్నిటికి పరీక్షే లేదు, కొన్నిటికి థియరీ ఒక్కటే, కొన్ని రాష్ట్రాల పేర్లు జాబితాలోనే లేవు. భారతదేశం పేరు కూడా లేదు. అందువల్ల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆర్టీఏ ఇచ్చిన లైసెన్సుతో వచ్చినవారు థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ కావలసిందే. వారికి దక్కే మినహాయింపు శిక్షణలో. కొత్తగా నేర్చుకునేవారు 90 నిమిషాల థియరీ క్లాసులు 14 కూర్చోవాలి. ఊరి బయటి రోడ్ల మీద 5, ఆటోబాన్ (ఎక్స్‌ప్రెస్ హైవే) మీద 4, చీకట్లో 3, మొత్తం 12 ప్రత్యేక డ్రైవింగ్ క్లాసులు పూర్తిచేయాలి. భారతీయ లైసెన్సు ఉన్నవారికి వీటిలో ఏదీ తప్పనిసరి కాదు.

అమెరికాలో కొన్నేళ్ళు ఉండి, అక్కడి లైసెన్సు చేతిలో ఉండగా జర్మనీకి మారిన తెలుగు కుటుంబాలు కూడా తక్కువేమీ కాదు. వారు భారతీయ కార్డు బయటికి తీసేముందు తమ అమెరికన్ రాష్ట్రం జాబితాలో ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఇక్కడ చెప్పబోయే వాటిలో చాలా భాగం వారికి అవసరమే ఉండదు.

ఆరు నెలల లెక్క

ఈ ఆరు నెలలు జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న రోజునుంచి మొదలవుతాయి. ఆచరణలో ఆఫీసులు చూసేది ఆన్‌మెల్డుంగ్, అంటే మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకున్న తేదీ. అక్టోబరు 1న నమోదైతే మార్చి ఆఖరుతో నడిపే హక్కు ముగిసినట్టే. మధ్యలో సంక్రాంతికి ఊరెళ్ళి నెల రోజులు ఉండి వచ్చినా ఆ లెక్క ఆగదు, మళ్ళీ మొదలూ కాదు. జర్మనీలో ఉండేది మొత్తం 12 నెలలకు మించదని నమ్మదగిన ఆధారం చూపిస్తే గడువు పొడిగించమని అడగవచ్చు. ఏడాది లోపు ముగిసే ప్రాజెక్టు మీద కంపెనీ పంపిన ఉద్యోగికి ఇది ఉపయోగం. రెండేళ్ళ మాస్టర్స్‌కు వచ్చిన విద్యార్థికి వర్తించదు.

గడువు దాటితే పోయేది నడిపే హక్కు మాత్రమే. భారతీయ లైసెన్సును ఆధారంగా చూపి, క్లాసుల మినహాయింపుతో జర్మన్ లైసెన్సు కోరే హక్కు అలాగే ఉంటుంది. "ఆరు నెలలు దాటిపోయింది, ఇక మొదటినుంచి నేర్చుకోవాల్సిందే" అనే మాట ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. అది నమ్మి, వేల యూరోలు పెట్టి పూర్తి కోర్సులో చేరినవారు ఉన్నారు. దరఖాస్తు రెండో ఏడాదిలో పెట్టినా, నాలుగో ఏడాదిలో పెట్టినా మినహాయింపు వర్తిస్తుంది. భారతీయ లైసెన్సు ఆ రోజుకు చెల్లుబాటులో ఉంటే చాలు.

కానీ గడువు దాటాక స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం అది చిన్న జరిమానాతో పోయే విషయం కాదు. జర్మన్ రోడ్డు రవాణా చట్టం సెక్షన్ 21 ప్రకారం అది లైసెన్సు లేకుండా నడపడమే. ఏడాది వరకు జైలు లేదా జరిమానా పడే నేరం. లైసెన్సు లేదని తెలిసీ కారిచ్చిన యజమాని మీద కూడా అదే సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. వారాంతంలో స్నేహితుడి కారు అడిగి తీసుకుని ఊరు చూసి వచ్చే అలవాటున్నవారు ఈ సంగతి ఆ స్నేహితుడికీ చెప్పాలి. ప్రమాదం జరిగితే ఎదుటివారి నష్టాన్ని బీమా కంపెనీ చెల్లిస్తుంది, ఆ తర్వాత నడిపినవారి దగ్గర 5,000 యూరోల వరకు తిరిగి వసూలు చేసుకోవచ్చు. వీసా పొడిగింపు, పౌరసత్వం దరఖాస్తుల్లో క్రిమినల్ రికార్డు చూస్తారని గుర్తుంటే ఈ సాహసం ఎవరూ చేయరు.

ఇండియాలో 1,000 రూపాయల ఫీజుతో ఏడాదికి ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఈ గడువును ఒక్క రోజు కూడా పెంచదు. అది అసలు లైసెన్సు పక్కన పెట్టుకునే అనువాదం లాంటిది మాత్రమే. మొదటి ఆరు నెలల్లో కారు అద్దెకు తీసుకునేటప్పుడు పనికొస్తుంది కాబట్టి బయల్దేరే ముందు తీసుకోవడం మంచిదే. మీద "ఏడాది" అని ఉంది కాబట్టి ఏడాది నడపవచ్చనుకోవడం మాత్రం పొరపాటు. ఎల్ఎల్ఆర్‌కు జర్మనీలో ఏ విలువా లేదు.

లైసెన్సు మీది తేదీ

ఆఫీసు మొదట చూసేది లైసెన్సు ఎప్పుడు ఇచ్చారన్నది. ఇచ్చిన రోజున ఆ వ్యక్తి నివాసం ఇండియాలోనే ఉండాలి. నివాసం అంటే ఏడాదిలో కనీసం 185 రోజులు గడిపే చోటు. జర్మనీలో స్థిరపడ్డాక సెలవుల్లో ఇంటికెళ్ళి, ఎల్ఎల్ఆర్ తీసుకుని, 30 రోజులు ఆగి, టెస్టు పాసై తెచ్చుకున్న లైసెన్సును ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. దానితో నడపనూ కూడదు, మార్చుకోనూ కూడదు. జర్మనీలో నేర్చుకోవడం ఖరీదని ఈ దారి ఎంచుకునేవారికి తీరా దరఖాస్తు కౌంటర్ దగ్గర తెలిసే సంగతి ఇది.

ఇదే నిబంధన కొన్నిసార్లు ఏ తప్పూ లేనివారిని కూడా ఇరికిస్తుంది. పదేళ్ళ కిందట తీసుకున్న లైసెన్సును ఈమధ్య సెలవుల్లో రెన్యువల్ చేయించుకుంటే, కొత్త కార్డు మీద పెద్దగా కనిపించేది కొత్త తేదీ. ఆ తేదీ జర్మనీలో నమోదు తేదీ తర్వాతది కాబట్టి, ఇక్కడికి వచ్చాక తీసుకున్న లైసెన్సేమోనని అధికారి అనుమానిస్తాడు. కార్డు మీద మొదటిసారి ఇచ్చిన తేదీ విడిగా అచ్చయి ఉంటే అనువాదంలో అది స్పష్టంగా రావాలి. లేకపోతే లైసెన్సు వివరాల ధ్రువపత్రం ఆర్టీఏ నుంచి తెప్పించుకోవాలి. పాత కార్డు ఫొటో కాపీ పారేయకుండా ఉంచుకున్నవారికి ఇక్కడ సగం శ్రమ తగ్గుతుంది.

చెల్లుబాటు గడువు కూడా లెక్క చూసుకోవలసిందే. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, 30 ఏళ్ళ లోపు లైసెన్సు తీసుకున్నవారికి అది 40 ఏళ్ళు నిండేవరకు చెల్లుతుంది. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య తీసుకున్నవారికి పదేళ్ళు. గడువు తీరాక ఏడాది లోపు రెన్యువల్ కోరవచ్చు, ఆ ఏడాది కూడా దాటితే ఆర్టీఏలో మళ్ళీ టెస్టు పాస్ కావాలి. జర్మన్ దరఖాస్తు మీద "ఈ లైసెన్సు ఇంకా చెల్లుతోంది" అని సంతకం పెట్టించుకుంటారు. కాబట్టి గడువు దగ్గరపడినవారు ఇండియా వెళ్ళే సెలవులోనే రెన్యువల్ పని ముగించుకోవాలి.

కాగితాలు

దరఖాస్తు ఇచ్చేది ఫ్యూరర్‌షైన్‌ష్టెల్లె అనే లైసెన్సు ఆఫీసులో. ఒరిజినల్ లైసెన్సు, దాని అనువాదం, పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్, చిరునామా నమోదు పత్రం, బయోమెట్రిక్ ఫొటో, కంటి పరీక్ష పత్రం, ప్రథమ చికిత్స కోర్సు పత్రం, వీటితోపాటు ఏ డ్రైవింగ్ స్కూలు ద్వారా పరీక్షకు వెళ్తున్నారో ఆ పేరు. చివరిది చాలామంది మర్చిపోతారు. స్కూలు ఖరారు కాకుండా దరఖాస్తు ముందుకు కదలదు. మధ్యలో స్కూలు మారితే ఆ సంగతి ఆఫీసుకు చెప్పాలి, అందుకు మళ్ళీ కొన్ని రోజులు.

కార్డు ఇంగ్లీషులోనే ఉంది కదా అనే వాదన చాలా ఆఫీసుల్లో చెల్లదు. ప్రమాణం చేసిన అనువాదకుడో, ఏడీఏసీ అనే మోటారు క్లబ్బో ఇచ్చిన జర్మన్ అనువాదం ఉండాలి. అనువాదానికి ఇచ్చేముందు పేరు సంగతి చూసుకోవాలి, ఎందుకంటే తెలుగువాళ్ళ కాగితాల్లో ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే. లైసెన్సు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా, "కె. రమేష్" అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడి గడిలో ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా ఒకే పేరుగా ఉంటుంది. జర్మన్ అధికారికి అవి ఇద్దరు మనుషుల పేర్లుగా కనిపించవచ్చు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో సరిపోతే సాధారణంగా ఒప్పుకుంటారు. అనుమానం మిగిలితే, రెండు పేర్లూ ఒకరివేనని భారత కాన్సులేట్ నుంచి పత్రం అడుగుతారు. అది దరఖాస్తుకు ముందే తెచ్చిపెట్టుకుంటే నెల రోజులు కలిసొస్తాయి.

డిజీలాకర్‌లో ఉన్న కాపీని ఇక్కడ ఒరిజినల్‌గా తీసుకోరు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యలో కొంతకాలం కార్డుల ముద్రణ ఆగి డిజిటల్ కాపీయే చాలన్నారు. ఆ కాలంలో లైసెన్సు తీసుకున్నవారు విమానం ఎక్కేముందే ప్లాస్టిక్ కార్డు చేతికి తెచ్చుకోవాలి. జర్మనీ నుంచి ఆ పని చేయించుకోవడం చాలా కష్టం.

కంటి పరీక్ష కళ్ళజోళ్ళ షాపులోనే పది నిమిషాల్లో అయిపోతుంది. పత్రం రెండేళ్ళు చెల్లుతుంది. రెండు కళ్ళకూ కనీసం 0.7 చూపు ఉండాలి, అద్దాలు పెట్టుకుని చూసినా సరే. అలా అయితే కార్డు మీద 01 అనే కోడ్ పడుతుంది, ఆ తర్వాత అద్దాలు లేకుండా నడపకూడదు. ప్రథమ చికిత్స కోర్సు 45 నిమిషాల పాఠాలు తొమ్మిది, ఒక శనివారంలో ముగుస్తుంది. పెద్ద నగరాల్లో ఇంగ్లీషులో చెప్పే కోర్సులు కూడా దొరుకుతాయి. గుర్తింపు పొందిన డాక్టర్లు, నర్సులు తమ అర్హత పత్రం చూపిస్తే ఈ కోర్సు అవసరం లేదు.

బైకు లైసెన్సు కూడా ఉన్నవారు ఆ కేటగిరీని ఈ దరఖాస్తులోనే విడిగా అడగాలి. దానికి ప్రాక్టికల్ పరీక్ష కూడా విడిగానే ఉంటుంది.

ఆఫీసు అనుమతి రావడానికి ఊరినిబట్టి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు పడుతుంది. అనుమతి నేరుగా పరీక్ష సంస్థకు వెళ్తుంది. పశ్చిమ రాష్ట్రాల్లో టీయూవీ, బెర్లిన్‌లోనూ తూర్పు రాష్ట్రాల్లోనూ ఎక్కువగా డెక్రా. అక్కడినుంచి 12 నెలల్లో థియరీ పాస్ కావాలి, థియరీ పాసయ్యాక మరో 12 నెలల్లో ప్రాక్టికల్. ఏ గడువు దాటినా మళ్ళీ మొదటికే. అందుకే ఆన్‌మెల్డుంగ్ అయిన నెలలోనే దరఖాస్తు పెట్టడం మేలు. ఆఫీసు తీసుకునే కాలమంతా నడిపే హక్కున్న ఆరు నెలల్లోనే గడిచిపోతుంది.

థియరీ

థియరీ జర్మన్‌తోపాటు ఇంగ్లీషు సహా మరో 12 భాషల్లో రాయవచ్చు. భారతీయ భాషలేవీ అందులో లేవు. ట్యాబ్లెట్ మీద 30 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 2 నుంచి 5 పాయింట్లు. తప్పుల పాయింట్లు 10 దాటితే ఫెయిల్. ఇంకో షరతు ఉంది: 5 పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే, మొత్తం 10 దగ్గరే ఆగినా ఫెయిల్. ఆ ప్రశ్నలు దాదాపు అన్నీ ముందు ఎవరు వెళ్ళాలి, ఓవర్‌టేక్ చేయవచ్చా లేదా అనేవాటి మీదే ఉంటాయి.

ఒక ప్రశ్నకు ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులు ఉండవచ్చు. రెండిట్లో ఒకటే గుర్తిస్తే ప్రశ్న మొత్తం తప్పు కిందే లెక్క. ఇండియాలో ఎల్ఎల్ఆర్ టెస్టు అలవాటుతో ఒకటి నొక్కి ముందుకుపోయేవారు ఇక్కడే పాయింట్లు పోగొట్టుకుంటారు. లెక్కల ప్రశ్నలకు సూత్రాలు కంఠస్థం కావాలి. స్పందించే లోపు బండి వెళ్ళే దూరానికి వేగాన్ని 10తో భాగించి 3తో గుణించాలి. బ్రేక్ పడ్డాక ఆగే దూరానికి వేగాన్ని 10తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ దానితోనే గుణించాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 15 మీటర్లు, 25 మీటర్లు, మొత్తం 40. అదే 100లో 30, 100, మొత్తం 130 మీటర్లు. వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడు రెట్లు దాటింది. అత్యవసర బ్రేక్ అని ప్రశ్నలో ఉంటే బ్రేక్ దూరంలో సగమే లెక్కించాలి.

ప్రశ్నలు వెయ్యికి పైగా ఉంటాయి, ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారతాయి. పాత ప్రశ్నల పీడీఎఫ్ మీద ఆధారపడకుండా, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే యాప్‌లోనే చదవాలి. రోజుకు గంట చొప్పున మూడు నాలుగు వారాలు కూర్చుంటే ఇంజనీరింగ్ పరీక్షలు రాసినవారికి ఇది పెద్ద కష్టం కాదు.

ప్రాక్టికల్: అలవాట్లు అడ్డుపడే చోటు

అసలు పని ఇక్కడుంది. పరీక్ష మొత్తం 55 నిమిషాలు, అందులో కనీసం 30 నిమిషాలు నడపాలి. బండి డ్రైవింగ్ స్కూలుది. పక్కన ఇన్‌స్ట్రక్టర్, ఆయన కాళ్ళ దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. ఎగ్జామినర్ వెనక సీట్లో. ఇన్‌స్ట్రక్టర్ పెడల్ తొక్కవలసి వచ్చిందంటే పరీక్ష దాదాపు ముగిసినట్టే. ఆదేశాలు జర్మన్‌లోనే ఇస్తారు, అయితే వాడే మాటలు ఇరవైకి మించవు: రెష్ట్స్ కుడి, లింక్స్ ఎడమ, గెరాడెఔస్ నేరుగా, వెండెన్ అంటే బండి వెనక్కి తిప్పుకోవడం. ఏమీ చెప్పకపోతే నేరుగా పోవాలి. మొదట టైర్లు, లైట్లు, ఇంజిన్ ఆయిల్ వంటివాటిలో ఒకటి రెండు చూపించమంటారు. దారిలో రివర్స్ పార్కింగ్, వెనక్కి తిప్పడం, అత్యవసర బ్రేక్ వంటి వాటిలో కొన్ని చేయిస్తారు.

బండి వెనక్కి తీయడం, పార్కింగ్ మనవాళ్ళు బాగానే చేస్తారు. ఇరుకు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కారు పెట్టి తీసిన అనుభవం ఉంటుంది. ఫెయిలయ్యేది ఇతర చోట్ల.

మొదటిది రెష్ట్స్ ఫోర్ లింక్స్, కుడివైపునుంచి వచ్చే బండిదే ముందు హక్కు. గంటకు 30 కిలోమీటర్ల పరిమితి ఉన్న ఇళ్ళ వీధుల్లో కూడళ్ళ దగ్గర చాలాచోట్ల బోర్డూ ఉండదు, లైటూ ఉండదు. మనం వెళ్ళే వీధి వెడల్పుగా ఉంటుంది, కుడివైపు సందు పార్కు చేసిన కార్ల వెనక, పొదల వెనక సగం కనబడకుండా ఉంటుంది. మన రోడ్డు పెద్దది కాబట్టి మనమే ముందు అనే లెక్క ఇక్కడ లేదు. ఆ సందులోంచి సైకిల్ వచ్చినా ఆగాలి. ఎవరూ రాకపోయినా, ఆగడానికి సిద్ధంగా ఉన్నామని ఎగ్జామినర్‌కు కనిపించాలి: యాక్సిలరేటర్ మీద కాలు తీసి, రెండో గేరులోకి వచ్చి, తల కుడికి తిప్పి చూడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సందు మొదట్లో ఫుట్‌పాత్ అంచు రాయి ఎత్తు తగ్గించి అడ్డంగా కొనసాగి ఉంటే, ఆగవలసినది సందులోంచి వచ్చేవారే. అక్కడ అనవసరంగా ఆగినా తప్పే. కాబట్టి కళ్ళు వీధి చివరలతోపాటు నేల మీది అంచు రాయిని కూడా చూడాలి. రెండు మూడు క్లాసుల్లో వచ్చే చూపు కాదు ఇది.

రెండోది షుల్టర్‌బ్లిక్. మలుపు తిరిగేముందు, లేన్ మారేముందు, ఆగిన చోటునుంచి కదిలేముందు, అద్దంలో చూసి ఆపైన భుజం మీదుగా తల తిప్పి చూడాలి. కుడికి తిరిగేటప్పుడు కుడి పక్కన సైకిల్ దారిలో నేరుగా వెళ్ళే సైకిలిస్టుదే ముందు హక్కు. అద్దంలో అతను కనబడని చోటొకటి ఉంటుంది. జర్మన్ నగరాల్లో సైకిళ్ళ ప్రమాదాలకు ఇదొక ముఖ్య కారణం. అందుకే ఒక్కసారి తల తిప్పకపోయినా, పక్కన నిజంగా సైకిల్ ఉంటే ఎగ్జామినర్ అక్కడికక్కడే పరీక్ష ఆపేస్తాడు. సైకిల్‌ను దాటేటప్పుడు ఊర్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు దూరం వదలాలి. ఎదురుగా బండి వస్తుంటే అంత దూరం దొరకదు, అప్పుడు సైకిల్ వెనకే నెమ్మదిగా వెళ్ళాలి. వెనక పది కార్లు ఆగినా సరే.

మూడోది వేగం, రెండువైపులా. 50 పరిమితి ఉన్న ఖాళీ రోడ్డు మీద జాగ్రత్త కోసమని 35లో వెళ్తే ఇతరుల దారికి అడ్డం అని రాసుకుంటారు. ఆటోబాన్ ఎక్కే లేన్‌లో ఇది మరీ ముఖ్యం. ఆ లేన్ ఉన్నదే వేగం పెంచుకోవడానికి. దాని చివరిదాకా మెల్లగా వెళ్ళి, బ్రేకు వేసి, ఖాళీ కోసం ఎదురుచూసే పద్ధతి మన ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర చూస్తాం. ఇక్కడ అది ప్రాణం మీదికి తెస్తుంది. మూడో గేరులో గట్టిగా పెంచి, ఇండికేటర్ వేసి, భుజం మీదుగా చూసి, 100 దగ్గర కలవాలి. మరోవైపు, పిల్లలు ఆడుతున్న బొమ్మతో నీలం బోర్డు ఉన్న వీధిలో నడక వేగమే. అక్కడ 20లో వెళ్ళినా ఎక్కువే. ఆ వీధినుంచి బయటికి వచ్చేటప్పుడు అందరికీ దారివ్వాలి.

ఎర్రలైటు పక్కన నల్ల చతురస్రంలో చిన్న ఆకుపచ్చ బాణం బోర్డు ఉంటే కుడికి తిరగవచ్చు, కానీ ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి. స్టాప్ బోర్డు దగ్గర కూడా అంతే. మెల్లగా జారుతూ పోవడం ఆగినట్టు కాదు. జీబ్రా దగ్గర నిలబడినవారు దాటేలా కనిపిస్తే చాలు, మనం ఆగాలి. హజార్డ్ లైట్లతో స్టాప్‌లో నిలిచిన బస్సును నడక వేగంతోనే దాటాలి, అదే రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారు కూడా. హారన్ ప్రమాదం ఉన్నప్పుడే. హెడ్‌లైట్ ఫ్లాష్ కొడితే మన దగ్గర "నేను వస్తున్నాను, ఆగు" అని అర్థం. జర్మనీలో ఎదుటివారు దాన్ని "మీరు వెళ్ళండి" అని తీసుకుంటారు. ఈ ఒక్క తేడా వల్ల రెండు బండ్లూ ఒకేసారి కదిలే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ అలవాటు మొదటి రోజే మానేయాలి.

ఇక బండిలో మారేవి. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడి కాడ మీద ఉంటుంది, ఇక్కడ ఎడమ కాడ మీద. తడబడితే ఇండికేటర్ బదులు వైపర్లు కదులుతాయి. ఫోక్స్‌వాగన్‌లో రివర్స్ గేరుకు లివర్‌ను కిందికి నొక్కాలి. ఇవన్నీ రెండు మూడు క్లాసుల్లో చేతికి అలవాటవుతాయి. అలవాటు కావడానికి ఆలస్యం పట్టేది ఖాళీ వీధిలోకి ఎడమకు తిరిగినప్పుడు. ముందు బండి ఏదీ లేకపోతే చేయి పాత అలవాటు కొద్దీ ఎడమ లేన్‌లోకే తీసుకెళ్తుంది. పరీక్షలో ఇది జరిగితే అక్కడితో సరి.

ఆటోమేటిక్ బండిలో పరీక్ష ఇస్తే కార్డు మీద కోడ్ 78 పడుతుంది, మాన్యువల్ నడపకూడదు. ఇండియాలో మాన్యువల్ నడిపినవారు మాన్యువల్‌లోనే పరీక్ష ఇవ్వడం తెలివైన పని.

ఎన్ని క్లాసులు, ఎంత ఖర్చు

క్లాసులు తప్పనిసరి కాకపోవడం వల్ల చాలామంది వాటినే తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటారు. లెక్క చూస్తే అది తిరగబడుతుంది. 45 నిమిషాల క్లాసుకు చాలా నగరాల్లో 60 నుంచి 80 యూరోలు. ప్రాక్టికల్ పరీక్ష ఫీజు సుమారు 130 యూరోలు, దానిపైన పరీక్షకు తీసుకెళ్ళినందుకు స్కూలు వేసే ఫీజు 150 నుంచి 250 వరకు. ఒకసారి ఫెయిలైతే ఈ రెండూ మళ్ళీ కట్టాలి, మధ్యలో రెండు క్లాసులు ఎలాగూ తీసుకోవాలి. అంటే ఒక ఫెయిల్ ఖరీదు దాదాపు 450 యూరోలు. అదే డబ్బుతో ఆరు క్లాసులు వస్తాయి. మళ్ళీ రాయడానికి కనీసం రెండు వారాలు ఆగాలని నియమం. ఆచరణలో స్లాట్ దొరికేసరికి నెల దాటుతుంది.

ఇండియాలో క్రమం తప్పకుండా కారు నడిపినవారికి 8 నుంచి 12 క్లాసులు సరైన లెక్క. లైసెన్సు ఉండి బండి పెద్దగా ముట్టనివారికి 20 కూడా చాలకపోవచ్చు. మొదటి క్లాసు తర్వాత ఇన్‌స్ట్రక్టర్ ఎన్ని అవసరమని చెప్తాడో నమ్మడం మంచిది. సిద్ధంగా లేనివారిని పరీక్షకు తీసుకెళ్ళడానికి ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. ఆ క్లాసుల్లో కనీసం నాలుగు పరీక్ష జరిగే ప్రాంతంలోనే, ఒకటి ఆటోబాన్ మీద తీసుకోవాలి. దరఖాస్తు ఫీజు, అనువాదం, ప్రథమ చికిత్స, సుమారు 25 యూరోల థియరీ ఫీజు, స్కూలు రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి, మొదటిసారే పాసైతే, మొత్తం 1,300 నుంచి 1,800 యూరోల మధ్య తేలుతుంది. మొదటినుంచి నేర్చుకునేవారికి 3,000 దాటడం మామూలే.

స్కూలు ఎంచుకునేటప్పుడు అడగవలసినవి: భారతీయ లైసెన్సు మార్పిడి ఇంతకుముందు చేయించారా, ఇంగ్లీషు మాట్లాడే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా, పరీక్ష తేదీకి ఎంత కాలం పడుతోంది. తప్పనిసరి కాని థియరీ ప్యాకేజీ కలిపి అమ్మే స్కూలు అయితే, దాన్ని తీసేసి ధర చెప్పమనాలి. ధరల పట్టిక కాగితం మీద తీసుకున్నాకే సంతకం.

కార్డు చేతికొచ్చాక

ప్రాక్టికల్ పాసైన రోజే కార్డు ఇస్తారు లేదా ఆఫీసుకు వెళ్ళి తీసుకోమంటారు. అప్పుడు భారతీయ లైసెన్సును అప్పగించాలి, అది లేకుండా కొత్తది ఇవ్వరు. కొత్త కార్డు 15 ఏళ్ళు చెల్లుతుంది. జర్మనీలో కొత్త డ్రైవర్లకు ఉండే రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఇండియా లైసెన్సు తీసుకున్న నాటినుంచి గడిచిన కాలాన్ని తగ్గిస్తారు. అందువల్ల లైసెన్సు రెండేళ్ళు దాటినవారికి ప్రొబేషన్ మిగలదు. ఏడాదిన్నర కిందటే తీసుకున్నవారికి ఇంకా ఆరు నెలలు ఉంటుంది, ఆ ఆరు నెలలూ ఒక్క చుక్క మద్యం తాగినా నడపకూడదు. మిగతావారిలో 21 ఏళ్ళు నిండినవారికి హద్దు రక్తంలో వెయ్యికి 0.5 వంతు మద్యం.

భారతీయ కార్డును ఆఫీసు సాధారణంగా భద్రపరుస్తుంది. అప్పగించేముందు రెండువైపులా స్పష్టమైన కాపీ తీసుకుని, అనువాదంతోపాటు దాచుకోవాలి, అప్పగించినట్టు రసీదు అడగాలి. పోయిందని ఆర్టీఏకు చెప్పి డూప్లికేట్ తెచ్చుకోమని సలహా ఇచ్చేవారుంటారు. అది అబద్ధపు ప్రకటన, బయటపడితే రెండు దేశాల్లోనూ ఇబ్బందే. శాశ్వతంగా ఇండియాకు తిరిగి వెళ్ళేవారు జర్మన్ కార్డును అప్పగించి పాతదాన్ని తిరిగి అడగవచ్చు. అప్పటికి దాని గడువు తీరి ఏడాది దాటితే మాత్రం రెన్యువల్ కుదరదు, ఆర్టీఏ ట్రాక్ మీద మళ్ళీ టెస్టు ఇవ్వాలి.